పేరు లేని చీటీ

శంషాబాద్‌లో మా చర్చి గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తే, ఆదివారం పాస్టర్ గారు చదువుతారు. మోకాళ్ళ నొప్పులు, డ్రైవింగ్ లైసెన్సు, కూతురి పరీక్షలు. చీటీ కింద పేరు కూడా రాస్తారు కాబట్టి ఎవరి కష్టం ఏమిటో అందరికీ తెలుస్తుంది.

పోయిన ఎండాకాలం ఒక చీటీకి పేరు లేదు. పాస్టర్ గారు దాన్ని విప్పి, నెత్తిమీదుగా విమానం పోయేదాకా అలవాటుగా ఆగి, చదివారు. "మా ఆయన నన్ను కొట్టకుండా ప్రార్థన చేయండి."

అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. నేను మూసుకోలేదు. మగవాళ్ళ వైపు మూసుకోనివాళ్ళు ఇంకో అరడజను మంది కనిపించారు. దొరికిపోయిన దొంగల్లా చూపులు తిప్పుకున్నాం.

నా అనుమానం మా వెనకవీధి అతని మీదికి పోయింది. నాలాగే ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. మాట పెళుసు. అతని భార్య ఆ ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని చర్చికి వచ్చేది. ఇంకేం కావాలి? వారం రోజులు అతన్ని వదల్లేదు. పార్కింగులో ట్రిప్పు కోసం కాచుకుని ఉన్నప్పుడు అతను ఫోనులో కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, చెవులు రిక్కించేవాణ్ణి. పని లేకపోయినా అతని ఇంటి ముందు నుంచి నడిచేవాణ్ణి. నిజం చెప్పాలంటే, అందులో నాకు సంతోషంగా కూడా ఉండేది.

చివరికి ఉండబట్టలేక పార్కింగులోనే అడిగాను. "అన్నా, ఇంట్ల అంతా మంచిదేనా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మంచిదే. నువ్వేంది, వారం సంది నన్నే చూస్తున్నవ్? నీ ఇంట్ల మంచిదేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వీడా నన్ను అనుమానించేది? ఆ మంటతోనే మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. నా భార్య టీ పెడుతోంది. వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆ చీటీ వెనకవీధోళ్ళ ఇంటామెదే గదా? నీకు తెల్వదా? మీ ఆడోళ్ళు మాట్లాడుకోరా?" అన్నాను. నా గొంతు పెద్దదయిన సంగతి నాకు తెలియలేదు.

ఆమె స్టవ్ ఆపింది. మరుగుతున్న టీ గిన్నెను పట్టకారుతో ఎత్తి, నా చేతికి అందనంత దూరంలో, గోడ వారగా పెట్టింది. తర్వాత చెప్పింది.

"ఎవరు రాసిన్రో నాకు తెల్వది. నేనైతే వెయ్యలే. గట్లనే ఒకటి రాసుకొని, వెయ్యాల్నా వద్దా అని రెండు వారాలు పర్సుల పెట్టుకొని తిరిగిన. గంతలనే ఎవరో వేసిన్రు."

నేను ఆమెను రెండుసార్లు కొట్టాను. కొట్టాను అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాలో నేను అనుకున్నది 'చెయ్యి లేచింది' అని, అదేదో దానంతటదే లేచినట్టు. పార్కింగులో మేమంతా అలాగే అంటాం. రెండోసారి జరిగి ఏడాది దాటింది కదా, ఆమె మరిచిపోయిందనుకున్నాను. వారమంతా నేను వేరే ఇంటి చుట్టూ తిరిగాను. చాలా సిగ్గేసింది.

"ఆ చీటీ చింపేసినవా?" అని అడిగాను.

"లేదు. ఉన్నది" అంది, నా చేతుల వైపు చూస్తూ.