కూనిరాగం ఆగిన సాయంత్రం

మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి హాసినికి పదహారేళ్లు. ఆటిజం ఉన్న పిల్లల హైస్కూల్లో చదువుతోంది. మెలకువగా ఉన్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉంటుంది.

మొన్న దీపావళికి స్వీట్లు కొనుక్కుని వచ్చేసరికి ఇంట్లో లైట్లు లేవు, చడీచప్పుడు లేదు. పిలిస్తే పలకలేదు. బాల్కనీ తలుపు తెరిచి ఉంది. కిందికి తొంగి చూశాను, ఎవరూ లేరు. చివరికి క్లోజెట్ తెరిస్తే, బట్టల వెనక రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

"ష్... అమ్మా, గన్! సౌండ్ చేస్తే వస్తాడు. స్కూల్ డ్రిల్‌లో చెప్పారు." ఎవరైనా తుపాకీతో స్కూల్లోకి వస్తే లైట్లు ఆర్పి, చప్పుడు చెయ్యకుండా దాక్కోవడం ఇక్కడి స్కూళ్లలో పిల్లలకు నేర్పిస్తారు.

"టపాసులే తల్లీ, పార్కింగ్‌లో పిల్లలు కాలుస్తున్నారు" అన్నాను. నన్ను లోపలికి లాగి నా నోరూ మూసేసింది. బయట మళ్లీ పేలింది. కళ్లారా చూసి వచ్చిన నాకే, అవి టపాసులేనా అని అనుమానం వచ్చింది.

ఇప్పుడు ఎక్కడ ఏ చప్పుడు విన్నా, ముందు తన స్కూలే గుర్తొస్తోంది.