బావ బండి ఇంజను

బుడమేరు వాగు పొంగి బెజవాడలో మా కాలనీ మునిగినప్పుడు నా పికప్ కూడా మునిగింది. పాతదే అయినా గట్టి బండి. ఎండాకాలం మామిడికాయలు, మిగతా రోజుల్లో ఇటుకలూ సిమెంటూ ఏది దొరికితే అది మోసేది. నీళ్లు తీశాక బురదంతా కడిగి తాళం తిప్పాను. లోపల ఏదో విరిగిన చప్పుడు వచ్చింది, అంతే. ఆటోనగర్ మేస్త్రీ విప్పి చూసి, ఇంజను లోపలి రాడ్లు వంగిపోయాయనీ, బ్లాకు పగిలిందనీ చెప్పాడు.

"దీన్ని బాగుచేయడం దండగండి. ఇదే రకం బండి ఇంజను ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడండి. దాన్ని ఎక్కించేద్దాం."

ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు.

మా అక్కది మైలవరం. నాకు బండి నడపడం నేర్పింది బావే. ఆయనదీ ఇదే రకం పికప్. వరదకు ముందు వచ్చిన ఎండాకాలంలో, బెజవాడలో కాయల లోడు దింపి ఇంటికి వెళ్తూ, ఇబ్రహీంపట్నం దాటాక ఎదురొచ్చిన బూడిద లోడు లారీని తప్పించబోయి రోడ్డు పక్కకి దొర్లిపోయాడు. క్యాబిన్ నలిగిపోయి బావ దక్కలేదు. ఇంజనుకి మాత్రం ఏమీ కాలేదు. పోలీసులు వదిలాక ఆ బండిని తెచ్చి అక్క ఇంటి వెనక పెట్టి టార్పాలిన్ కప్పాం. పాత ఇనుము వాళ్లు అడిగితే అక్క ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

నా సంగతి తెలిసి అక్కే ఫోన్ చేసింది.

"మీ బావ బండి ఇంజను బాగానే ఉందిగా. తీసుకెళ్లు."

"వద్దులే అక్కా. ఇంకెక్కడన్నా చూస్తాను."

"ఎక్కడ చూసినా అదీ ఎవరిదో ఇలాంటి బండిదేగా" అంది.

సరే, తీసుకెళ్తానన్నాను.

"విప్పేటప్పుడు మాత్రం నేను అక్కడుంటా" అని ఫోన్ పెట్టేసింది.

బావ బండిని లారీ మీద ఆటోనగర్ చేర్చాం. అక్క ఉదయం బస్సుకే వచ్చి షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి, "లోపల సీటు బాగాలేదండి. బానెట్ వరకే టార్పాలిన్ తీస్తాను" అన్నాడు మెల్లగా. అయినా అక్కకి వినపడింది.

"మొత్తం తీసేయండి. ఆయన్ని నన్ను చూడనివ్వలేదు. చూస్తే తట్టుకోలేనన్నారు. మొహం మీద గుడ్డ తీయకుండానే పంపించేశారు. దీన్నన్నా చూడనివ్వండి."

మేస్త్రీ టార్పాలిన్ లాగేశాడు. స్టీరింగు సీటులోకి దిగబడి ఉంది. సీటు మీద నల్లగా ఎండిన మరకలు. బ్రేకు కింద ఒక చెప్పు. అక్క లేచి వెళ్లి తలుపు రేకు పట్టుకుని లోపలికి వంగి చూసింది. ఏడవలేదు. నా వైపు తిరగకుండానే అడిగింది.

"వెంటనే పోయాడన్నారు. నిజమేనా?"

ఆ రోజు మావాళ్లలో అక్కడికి ముందు చేరింది నేను. నేను వెళ్లేసరికే అయిపోయింది. రోడ్డు మీద జనం చెప్పింది విన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు అది అక్కకి చెప్పొద్దన్నారు. ఆ తలుపు దగ్గర నిలబడి ఇక అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదక్కా. కాసేపు ఉన్నాడంట."

"మాట్లాడాడా?"

"మంచినీళ్లు అడిగాడంట."

"ఇచ్చారా?"

"ఇచ్చారంట. ఎవరో ఆడమనిషి తాగించిందంట."

అక్క తల ఊపి వచ్చి కుర్చీలో కూర్చుంది. మేస్త్రీ పని మొదలుపెట్టాడు. బరువులెత్తే చెయిన్ బ్లాక్ తగిలించి లాగితే ఇంజను నెమ్మదిగా పైకి లేచి, గాలిలో కొంచెం ఊగి ఆగింది. కింద మిగిలిన బండి ఖాళీ గూడులా ఉంది. అక్క అప్పుడు లేచి బస్టాండుకి వెళ్లిపోయింది.

ఆ ఇంజను నా బండిలో అంత తేలిగ్గా కూర్చోలేదు. ఒకే రకమైనా మోడలు ఏడు వేరవడంతో, ఇంజను బిగించే మౌంటింగులు కలవక ప్లేట్లు వెల్డింగ్ చేయించాల్సొచ్చింది. నా గేర్‌బాక్సే ఉంచారు. ఇంజను నంబరు మార్పించే కాగితాల మీద అక్క సంతకాలు పెట్టింది. అప్పుడే అడిగింది, ఆ నీళ్లిచ్చిన మనిషి ఎవరో కనుక్కోగలవా అని.

బండి సిద్ధమయ్యాక మైలవరం బయల్దేరాను. ఇంజను మెత్తగా, ఏ అడ్డూ లేకుండా నడిచింది. బావ బండి దొర్లిన చోట ఆపి, అక్కడి టీ కొట్టు ఆయన్ని ఆ నీళ్లిచ్చిన మనిషి గురించి అడిగాను.

"ఇటుక బట్టీకి పనికొచ్చిన వాళ్లండి" అన్నాడు. "ఎక్కడినుంచి వచ్చారో, ఎటు పోయారో. ఈ ఏడు ఆ బట్టీయే లేదు."

అదే అక్కకి చెబుదామని వెళ్లాను. సందు తిరిగేసరికి వాకిట్లో నిలబడి ఉంది, గోడ పట్టుకుని.

"ఇంజను ఆపురా" అంది.

ఆపాను. ఆ మనిషి దొరకలేదని చెప్పాను. వింది. బండి వైపు చూడకుండానే అంది.

"ఇంకెప్పుడూ దీన్ని ఇటు తీసుకురాకు. నువ్వు రా. బస్సులో రా."

"అమ్మేయమంటావా అక్కా?"

"ఎందుకు? నువ్వు బతకొద్దా? నడుపుకో. నాకు వినపడకుండా నడుపుకో."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇంటి ముందు మళ్లీ తాళం తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. పక్కింటాయన్ని బతిమాలితే ఇద్దరం కలిసి బండిని సందు చివరిదాకా తోశాం. మెయిన్ రోడ్డెక్కాకే స్టార్ట్ చేశాను.

ఇప్పటికీ ఆ బండే నడుపుతున్నాను. మైలవరం చుట్టుపక్కల తోటల లోడు ఒప్పుకోను. అక్క దగ్గరికి బస్సులోనే వెళ్తాను. ఆమె కాఫీ ఇస్తుంది, పిల్లల చదువుల సంగతి చెబుతుంది, బండి ఎలా ఉందని మాత్రం అడగదు.