రెండు ముద్రల ఓటు

మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు అయిన ఏడాది, పోటీకి నిలబడిన ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, ఎవరి వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పార్టీల సంగతి నాకు పట్టలేదు. నా తిప్పలు వేరు.

కత్తెర గుర్తు మీద నిలబడింది మా పక్కింటి అక్క. నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరేనాటికి నా బిడ్డకు తొమ్మిది నెలలు. ఫస్ట్ షిఫ్టుకు తెల్లవారకముందే బస్సెక్కాలి. నాలుగేళ్లు నా బిడ్డ ఆ అక్క చేతి ముద్ద తిని పెరిగింది. ఆమె ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. ఆమె పొలంలో బోరు నీళ్లు మొదట వాసన వచ్చాయి, తర్వాత పచ్చగా మారాయి. ఎకరంన్నర మడి బీడు పడింది. ఊరి బోర్ల నీళ్లు పరీక్ష చేయించాలనీ, వాగులోకి ఏ కంపెనీ ఏం వదులుతోందో తేల్చమని గ్రామసభలో తీర్మానం పెట్టించాలనీ ఆమె కోరిక. పాత సర్పంచ్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, విసిగి, చివరికి తనే నామినేషన్ వేసింది.

ఉంగరం గుర్తు మీద నిలబడింది మా లేబర్ కాంట్రాక్టర్ భార్య. పోస్టర్ మీద బొమ్మ ఆమెది, మైకులో గొంతు ఆయనది. ఆయన్ని తిట్టడం తేలికే, నేను మాత్రం తిట్టలేను. మా ఆయన పటాన్‌చెరు రోడ్డు మీద బండి మీంచి పడి ఆరు నెలలు మంచానికి అతుక్కుపోతే, నన్ను పిలిచి పని ఇప్పించింది ఆయనే. నా గేటు పాసు నడిచేది కూడా ఆయన సంతకం మీదే. నీళ్ల పరీక్షలంటే కంపెనీలకు కోపమొస్తుంది. కోపమొస్తే ముందు గేటు బయట నిలబడేది మాలాంటి కాంట్రాక్టు వాళ్లమే. బిడ్డ తాగే నీళ్లు చూసుకోవాలా, తినే తిండి చూసుకోవాలా అన్నది నాకు తేలలేదు.

మా దగ్గర బొట్టు పెట్టి పిలిచాక పోకపోతే ఆ మనిషిని అవమానించినట్టే. ఒకేరోజు రెండు పెళ్లిళ్లు పడితే ఒకచోట అక్షింతలు వేసి, ఇంకోచోట భోజనం చేసి, ఇద్దరికీ మొహం చూపించి వస్తాం. ఓట్లకు కూడా బొట్టు పెట్టి చెప్పడం అలవాటైపోయింది.

ముందు కాంట్రాక్టర్ భార్య వచ్చింది, వెనక డప్పులతో, పదిమంది ఆడవాళ్లతో.

"నువ్వేమన్న పరాయిదానివా? మా ఆడిబిడ్డవు. ఆడిబిడ్డ ఓటే పడకపోతే ఊళ్లె మేం తలెట్ల ఎత్తుకోవాలె?" అని బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టింది.

"గట్లనే వదినా" అన్నాను.

మర్నాడు అక్క ఒక్కతే వచ్చింది, చేతిలో కుంకుమ భరిణెతో.

"నీకు గూడ బొట్టు వెట్టి చెప్పుడేంది అనుకున్న చెల్లె. కని ఇల్లిల్లు తిరుగుతున్న గద, నీ ఇల్లు దాటి పోతే బాగుండదు" అంది. ఓటు వేయమని నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని.

ఆ వారమంతా కంపెనీ బస్సులో నా మొహం చూసి తోటివాళ్లు ఆటపట్టించారు. "ఏందే, నువ్వే నిలవడ్డట్టు గంత పరేషాన్ అయితున్నవ్?" అని ఒకామె. నాకు నవ్వు రాలేదు.

పోలింగ్ మా ఊరి బడిలో. గులాబీ రంగు కాగితం చేతికిస్తూ అక్కడి ఆఫీసరు, "ఒక్క గుర్తు మీదే ముద్ర వెయ్యాలమ్మా, రెండిటి మీద వేస్తే చెల్లదు" అని ముసలివాళ్లకు చెప్పినట్టే నాకూ చెప్పాడు. అట్ట చాటున నిలబడ్డాను. ముందు కత్తెర మీద ముద్ర కొట్టాను. గుండె మీంచి బరువు దిగినట్టయింది. కాగితం మడవబోతుంటే గేటు దగ్గర పాసు కోసం చేయి చాపే సెక్యూరిటీ గుర్తొచ్చాడు. "జల్దీ కానియ్యమ్మా" అని వెనక లైనులోంచి ఎవరో అన్నారు. ఉంగరం మీద కూడా కొట్టాను.

చెల్లదని తెలియక కాదు. ఇంటర్ దాకా చదివినదాన్ని. ఇద్దరి బొట్టుకూ మర్యాద దక్కింది, ఇక ఎవరడిగినా నీకే వేశానని చెప్పొచ్చు అనుకున్నాను. నిజానికి అది పిరికితనం. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం లెక్కింపు. బడి గోడ బయట ఊరంతా నిలబడింది. ఉంగరం నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. చెల్లని ఓట్లు పదకొండు. లోపల కూర్చున్న ఏజెంట్ ఒకడు బయటికొచ్చి, "ఇద్దరికి గుద్దిన్రు, ఎవలో ధర్మాత్ములు" అన్నాడు. అందరూ నవ్వారు. పక్కనే అక్క తలవంచుకుని కొంగు సర్దుకుంటోంది. నలుగురి కళ్లూ నా మీద పడకూడదని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున అక్క మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. ఓడినవాళ్లు అలా తిరగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. మా గడప మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ అంది.

"ఏసినోళ్లకు ఒక మాట చెప్పాలె గద. ఎవలు ఏసిన్రో, ఎవలు ఏయలేదో నాకు తెల్వది. నువ్వు ఏసినవన్నది మాత్రం ఎరుకే."

"ఏసిన అక్కా" అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధమే అయితే ఏదో ఒకనాడు ఆమె కాళ్లు పట్టుకుని ఒప్పుకునేదాన్ని. నీళ్ల పరీక్ష తీర్మానం ఇంతవరకు గ్రామసభకు రాలేదు. నా గేటు పాసు మాత్రం నడుస్తూనే ఉంది. వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళకు నేను షిఫ్టులో ఉంటే, నా బిందెలు కూడా ఆమే నింపి మా గడపలో పెడుతుంది.