మంఖాల్ చేనులో ఒకటి, ఒకటి, రెండు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక రకమైన జబ్బు చేస్తుందని నా నమ్మకం. తెలిసిన నాలుగు ముక్కలూ ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ చెప్పేస్తే తప్ప అన్నం సహించదు. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన కాలంలో శంషాబాద్ చుట్టుపక్కల సెల్‌ఫోన్ సిగ్నల్ కొలిచే పనిలో ఉండేదాన్ని. కారు వెనకసీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, దానికి తగిలించిన నాలుగు ఫోన్లతో ఊరూరా తిరగాలి. సిగ్నల్ ఎక్కడ ఎంత ఉందో, మాట ఎక్కడ తెగిపోతోందో తెరమీద చూసి రాసుకోవాలి. (మా అమ్మ మాత్రం బంధువులందరికీ మా అమ్మాయి ఉపగ్రహాలు చూసుకుంటుందని చెప్పేది. నేను దిద్దలేదు.) విమానాశ్రయం దగ్గర టవర్లను ఎక్కువ ఎత్తు కట్టనివ్వరు కాబట్టి సిగ్నల్ ఊళ్లలోకి చేరేసరికి నీరసించిపోయేది. ఆ నీరసం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం నా వంతు.

ఆ ఉద్యోగంలో నాకు దొరికిన పారాయణ గ్రంథం అంతర్జాతీయ ప్రమాణాలు. ఏ దేశంలో తయారైన ఫోనైనా ఏ దేశపు టవర్‌తోనైనా మాట్లాడాలంటే రెండూ ఒకే పద్ధతి పాటించాలి కదా. ఆ పద్ధతిని దేశదేశాల ఇంజనీర్లు ఒకచోట కూర్చొని, పోట్లాడుకొని, చివరికి ఒప్పుకొని వేల పేజీల్లో రాసిపెట్టారు. ఒకరి మాట ఒకరు వినని లోకంలో ఇంతమంది ఒక్క మాట మీదికి వచ్చారన్న సంగతి నన్ను నిలవనిచ్చేది కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకొని కూడా అవే చదివేదాన్ని, చదివిందంతా మా డ్రైవరన్నకు చెప్పేదాన్ని. ఆయన ఓపికగా విని, చివర్లో "మంచిదే మేడం, ఇగ ఛాయ్ తాగుదమా" అనేవాడు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాళ్లం. నా తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టుంటుందని ఆయన అభిప్రాయం.

ఒకరోజు పదకొండు గంటలవేళ మంఖాల్ దగ్గర ఒక టమాట చేను పక్కకు రాగానే నా నాలుగు ఫోన్లలోనూ మాట తెగిపోయింది. నాకు పండగే. కారు ఆపించి, ల్యాప్‌టాప్ చేతుల మీద పళ్లెంలా పట్టుకొని, గట్టు వెంబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టాను. నాలుగు అడుగులు వేయడం, తెర చూడడం, కాగితం మీద గీత గీయడం. దూరం నుంచి చూసేవాళ్లకు అది ఎలా కనిపిస్తుందో నాకు తట్టలేదు. చేనులో టమాటలు కోస్తున్న ఆడవాళ్లు కోత ఆపి నా చుట్టూ చేరారు. వాళ్లలో పెద్దావిడ, కొంగు నడుముకు చుట్టి, గంప కింద పెట్టి నా ఎదుట నిలబడింది. అందరూ ఆవిడను సర్పంచమ్మ అంటున్నారు. (ఆవిడ ఎన్నడూ ఎన్నికల్లో నిలబడలేదని తర్వాత తెలిసింది. ఆ గొంతుకు ఊరు ఇచ్చుకున్న పదవి అది.)

"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?" అని మెత్తగానే అడిగింది.

సిగ్నల్ అని చెప్పాను.

"పోయినసారి వచ్చినోళ్లు గూడ ఊకెనే కొలుస్తున్నం అన్నరు. రోడ్డుకు ఎకరంనర పోయింది. ఇగ మాకు ఉన్నది గీ రెండెకరాలే."

అప్పుడర్థమైంది నాకు, నన్ను భూమి సర్వేకు వచ్చినదాన్ని అనుకుంటున్నారని. మెడలోని కార్డు చూపించాను. సర్వేయర్లకూ కార్డులుంటాయని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిద్దామంటే మా కంపెనీ సిగ్నల్ అక్కడ లేదాయె, నేను వచ్చిందే అందుకు. ఈలోగా సర్పంచమ్మ డ్రైవరన్న దగ్గర తాళంచెవి మర్యాదగా అడిగి తీసుకొని నడుముకు దోపుకుంది. ఆయన వెంటనే ఇచ్చేసి, వేపచెట్టు నీడకు వెళ్లి కూర్చున్నాడు.

తెలివైనవాళ్లయితే అక్కడ నోరు మూసుకొని, పెద్దమనిషెవరినైనా పిలవమనేవారు. నేను అంతర్జాతీయ ప్రమాణాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. దేశదేశాలవాళ్లు కలిసి కూర్చోవడం, రాసుకోవడం, లోకమంతా దాన్నే పాటించడం, అంతా మొదటినుంచీ చెప్పాను. వాళ్లు అడ్డు రాకుండా విన్నారు. నాకు ఉత్సాహం పెరిగింది. అంతా అయ్యాక సర్పంచమ్మ ఒక్కటే అడిగింది.

"గంతమంది కూసున్నరంటున్నవ్ గదా, మంఖాల్ కెళ్లి ఎవరు పోయిన్రు?"

మంఖాల్ నుంచి ఎవరైనా వెళ్లినట్టు ఏ పేజీలోనూ లేదు. మాట మార్చడానికి ఆవిడ కొంగుముడిలోని చిన్న బటన్ల ఫోన్ చూపించమన్నాను. దాని తెరమీద ఇంగ్లిషులో అత్యవసర కాల్స్‌కు మాత్రమే అని ఉంది. చేనుకు వస్తే చాలు ఆ అక్షరాలు పడతాయని, ఫోన్ చెడిపోయిందని ఇంట్లోవాళ్లు అన్నారని చెప్పింది. చెడిపోలేదన్నాను. మీ కంపెనీ టవర్ ఇక్కడికి అందడం లేదు, వేరే కంపెనీది అందుతోంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి టవరైనా మీ మాట మోయాలని ఆ పెద్దల రాతలో ఉంది, అన్నాను. అయితే చేసి చూపించమంది. ఆపదలో పిలిచే నంబరు, ఒకటి, ఒకటి, రెండు నొక్కాను.

రెండో మోతకే ఒక మగగొంతు పలికింది. ఏమైందని, ఎక్కడున్నారని అడిగింది. నేను గాభరాలో మంఖాల్ అని చెప్పేసి, ఏమీ కాలేదండీ, ప్రమాణం ఒకటి చూస్తున్నాను అన్నాను.

"ప్రమాదమా? ఎవరికి?"

"ప్రమాదం కాదండీ, ప్రమాణం."

"ఏ రకం ప్రమాదమో సరిగ్గా చెప్పండమ్మా."

సరిగ్గా అప్పుడే నా వెనకనుంచి ఎవరో తాళంచెవి ఇయ్యొద్దని, కారును కదలనియ్యొద్దని కేకేశారు. నేను భయపడి ఫోన్ పెట్టేశాను. అటునుంచి మళ్లీ చేయడానికి ఆ ఫోన్‌కు సిగ్నల్ ఉంటే కదా.

తలెత్తి చూస్తే సర్పంచమ్మ ముఖం మారిపోయింది. నావైపు కాదు, ఫోన్ వైపు చూస్తోంది. "పోయినేడు మా ఇంటాయనకు మోటరు కాడ కరెంటు కొట్టింది. గిదే ఫోన్ పట్టుకొని తారురోడ్డు దాంక ఉరికిన" అంది. "గప్పుడు గూడ మోగుతుండెనా?"

మోగేదన్నాను. ఆయన ఇప్పుడెలా ఉన్నాడని అడిగాను. ఆవిడ బావి వైపు చూపించింది. తలకు తువ్వాలు చుట్టుకొన్న ఒకాయన పైపు సర్దుతూ కనిపించాడు. ఆ క్షణాన నా వేల పేజీలు నాకు మొదటిసారి అర్థమయ్యాయి. సర్పంచమ్మకు అంకెలు చదవడం రాదు. మొదటి బటన్ రెండుసార్లు, దాని పక్కది ఒకసారి, ఆ తర్వాత పచ్చది అని నేర్పాను. పచ్చది నొక్కకుండా పదిసార్లు వేలు తిప్పి చూసుకుంది.

అరగంటకు పోలీసు జీపు వచ్చింది. దిగిన ఎస్సైగారు ప్రమాదం ఎవరికని అడిగారు. సర్పంచమ్మే ముందుకొచ్చి, ఎవ్వరికీ లేదు, నేర్చుకుంటున్నామంది. సంగతంతా విన్నాక ఎస్సైగారు నాకు పావుగంట చీవాట్లు పెట్టారు. ఆపదలో ఉన్నవాళ్ల దారికి అడ్డం పడ్డానన్నారు. నిజమే కాబట్టి తల వంచుకొని విన్నాను. ఇంకెప్పుడూ ఇలా చేయనని కాగితం రాయించుకున్నారు. (ప్రమాణం చేస్తున్నాను అనే మాట మాత్రం అందులో వాడలేదు.)

"పిల్ల మంచిదే సారు, జర మాటలెక్కువ" అని సర్పంచమ్మ నా తరఫున చెప్పింది. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి సిఫార్సు అదే.

జీపు వెళ్లాక తాళంచెవి ఇచ్చేసింది, కారులో గంపెడు టమాటలు పోయించింది. మేము కదులుతుంటే మిగతా ఆడవాళ్లను కూర్చోబెట్టి తనే చెబుతోంది. "గీ అక్షరాలు పడ్డా పరేషాన్ గావొద్దు. ఒకటి ఒకటి రెండు కొడితె ఎవలో ఒకలు పలుకుతరు." నేను ముప్పావుగంట చెప్పినదంతా అంతే.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల ముందు నిలబడి, కొత్త తరం ఫోన్లకు ఏ ఏ దేశాలు ఏమేం ఒప్పుకున్నాయో గంటసేపు చెప్పింది. అందులో సగం నాకు తెలిసిందే, ఒకటి రెండు చోట్ల తప్పు కూడా ఉంది. కాఫీ చల్లారిపోయింది. చివరికి ఆ అమ్మాయే ఆగి, విసుగొచ్చిందా మేడం అని అడిగింది. లేదన్నాను. నిజంగానే రాలేదు. ఇంకా ఏముందో చెప్పమని కుర్చీ చూపించాను.