కుర్చీలో కూర్చోబెట్టిన పిల్ల

మొన్న ఫోన్‌లో చెప్పావు కదా బిడ్డా, ఆ దేశంలో అందరూ నవ్వుతూ పలకరిస్తారు గానీ స్నేహితులు ఒక్కరూ దొరకలేదని. పక్కనుంచి మీ అన్న కూడా అవునన్నాడు. పరాయి దేశంలో చదువుకునే వాళ్ల కష్టం ఈ అవ్వకేం తెలుసనుకుంటున్నారేమో. ఆ కష్టం ఒకప్పుడు మన ఇంట్లోనే ఉండేది. పెట్టినవాళ్లం మేమే.

తెలంగాణ వచ్చిన కొత్తలో జపాన్ నుంచి ఒక అమ్మాయి మన నేత పని గురించి చదువుకోవడానికి వచ్చింది. నల్గొండలో ఒక కాలేజీ సారు తీసుకొచ్చి మా ఇంట్లో దింపిపోయాడు. తెలుగు కొంత నేర్చుకునే వచ్చింది. ఇక మా బజారు మర్యాదలకు అంతులేదు. ఆమె ఏ ఇంటికి వెళ్లినా కొంగుతో తుడిచి మరీ కుర్చీ వేశారు. మేమంతా కింద కూర్చుని నూలు కండెలు చుడుతుంటే, ఆమె పైన కూర్చుని మా నడినెత్తులు చూసేది. రాట్నం మీద చెయ్యి వేయబోతే, "అయ్యో, నీకెందుకమ్మా" అని లాక్కునేవాళ్లం.

మన ఇళ్లల్లో కుర్చీ ఎవరికి వేస్తాం చెప్పండి? బ్యాంకు సారుకి, కరెంటు బిల్లు ఆయనకి, అలిగి వచ్చిన అల్లుడికి. తొందరగా లేచి వెళితే బాగుండునని మనసులో అనుకునే వాళ్లకి. పాపం, ఆ పిల్ల తన ఇంట్లో కిందే కూర్చుంటుందట. మేం అడిగితే కదా!

ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, రేపు నేను హైదరాబాద్ వెళ్లిపోతాను. మిగతా చదువు పుస్తకాలు చూసి రాసుకుంటాను" అంది.

"ఎందుకు బిడ్డా? ఏం తక్కువ చేసినం?"

"ఏమీ తక్కువ చేయలేదు. కానీ నేను రాగానే అందరి మాటలూ ఆగిపోతాయి" అని కళ్లు తుడుచుకుంది.

అదీ నిజమే. అంతదాకా కోడళ్లను ఏకుతున్న వాళ్లం, ఆమె కనబడగానే ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లం. చూడాల్సిన పని సగం కూడా చూడకుండా ఆ పిల్ల వెళ్లిపోతోందని నాకు ఆ పూట ముద్ద దిగలేదు. పక్కింట్లో ఉండే మా ఆడబిడ్డకు చెబితే ఆమె ఆశ్చర్యపోయింది.

"గంత మర్యాద చేస్తే ఏడుస్తదేంది వదినె? కుర్చీల మెత్త ఏద్దమా?"

మరునాడు పొద్దున్నే మా ఆడబిడ్డ వాళ్ల పడుగు బజార్లో సాగదీశాం. మగ్గానికి ఎక్కించబోయే ఆ నిలువు దారాలకు గంజి పట్టించి, ఆరేలోపు దువ్వాలి. ఒకదానికొకటి అంటుకున్నాయా, ఇక అంతే. ఆ పిల్ల సంచి సర్దుకుని, మా అరుగు ముందు కుర్చీలో ఆటో కోసం ఎదురుచూస్తోంది. అందరం ముఖాలు చిన్నబుచ్చుకుని పని చేస్తున్నాం.

ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. ఒక కొసన కట్టిన కర్ర ఒరిగింది. తడి పడుగు మట్టిలో పడబోతోంది. మేమంతా నడిమధ్యలో ఉన్నాం. ఆ కొస దగ్గర ఆ పిల్ల ఒక్కతే ఉంది.

"ఏందే, బొమ్మలెక్క కూసున్నవ్? లేసి పట్టుకో!" అని అరిచింది మా ఆడబిడ్డ.

ఆ పిల్ల ఒక్క ఉరుకున వెళ్లి కర్ర పట్టుకుంది.

"గట్ల కాదే! ఎనుకకు గుంజు! బువ్వ తింటలేవా ఏంది?"

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చింది. పొద్దుటినుంచి అందరికంటే ఎక్కువ కళ్లు ఒత్తుకున్న మా ఆడబిడ్డే, "పో పోవయ్యా! గామె చేతులు ఖాళీ లెవ్వు!" అని దాన్ని వెళ్లగొట్టింది.

గాలి తగ్గాక మా ఆడబిడ్డకు భయం పట్టుకుంది.

"వదినె, సుట్టంగ వచ్చిన పిల్లను నోటికొచ్చినట్టు తిట్టిన. జర నువ్వే పోయి ఏమనుకోవద్దని చెప్పు."

వెళ్లాను. మోచేతుల దాకా గంజితో ఉంది ఆ పిల్ల. నేను నోరు తెరిచేలోపే, "పెద్దమ్మా, నేను సరిగ్గా పట్టుకున్నానా?" అని అడిగింది.

"యాడ పట్టుకున్నవే! సగం వంకర చేస్తివి" అంది నా వెనకనుంచి మా ఆడబిడ్డ.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. మళ్లీ ఆటోను పిలవలేదు. చదువు పూర్తయ్యేదాకా మా బజార్లోనే ఉంది. పూర్తికావడమే ఆలస్యమైంది. రాసుకుందామని కూర్చుంటే చాలు, "గా రాతలు యాడికి పోతయ్, గీ కండెలు సుట్టిపో" అని ఎవరో ఒకరు కేకేసేవారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో నాకంటే ఆమెకే ముందు తెలిసేది.

ఒకరోజు మూతి ముడుచుకుని ఇంటికి వచ్చింది. ఆమె కలిపిన రంగును మా ఆడబిడ్డ కుడితి నీళ్లతో పోల్చిందట.

"పెద్దమ్మా, ఇక మీ ఆడబిడ్డతో నేను మాట్లాడను."

గోడ అవతలి నుంచి మా ఆడబిడ్డ గొంతు వినిపించింది.

"ఏమే, అలిగినవా? తాగినంక అలుగుదువు గాని రా, చాయ్ సల్లారుతాంది."

ఆ పిల్ల గోడ వైపు చూడకుండా నాతో అంది:

"చక్కెర సరిగ్గా వేసిందేమో అడగండి. అప్పుడు వస్తాను."