వానలో చాటు

మా సంఘంలో జబ్బుపడ్డ మనిషిని ఎట్లా ఉన్నావని అడగరు. "ప్రభువు బాగుచేసినాడు కదా?" అని అడుగుతారు. చేసినాడు అనే చెప్పాలి. లేదంటే అవిశ్వాసం కింద లెక్క. నోటితో ఏది ఒప్పుకుంటే అదే జరుగుతుందని మాకు నేర్పారు. నేనూ సండే స్కూలు పిల్లలకు అదే నేర్పాను.

మా ఇంటాయనకు కిడ్నీలు పూర్తిగా పాడైపోయాయని డాక్టరు చెప్పిన వారమే పాస్టరమ్మ వచ్చారు. ఆయన నడుము మీద చెయ్యి పెట్టి కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ఇక ఈ ఇంట్లో జబ్బు మాట వినబడకూడదని చెప్పి వెళ్ళారు.

వినబడలేదు. డయాలసిస్‌కు పోయే రోజు కూడా ఆస్పత్రికి అనేవాళ్ళం కాదు, ప్రొద్దుటూరికి అనేవాళ్ళం. జమ్మలమడుగు బస్టాండులో ఎవరైనా పలకరిస్తే పనుండి పోతున్నామనేవాళ్ళం. సూదులు గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమచేతికి ఆపరేషన్ చేశారు. ఆ చోట వేలు పెడితే లోపల ఈగ కొట్టుకుంటున్నట్టు నరం అదురుతూ ఉండేది. దాన్ని దాచడానికి ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేవాడు. సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేసిన మనిషి, ఎంత ఎత్తుకైనా బెదరకుండా ఎక్కేవాడు. ఇప్పుడు నీళ్ళు కొలిచి తాగాలి. పక్కింట్లో బిందె నిండే చప్పుడు వినబడితే కళ్ళు మూసుకునేవాడు.

ఆస్పత్రిలో పక్క మంచం మీద పులివెందుల మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు చీనీతోట ఉంది, దాన్ని తమ్ముడికి అప్పగించి ప్రొద్దుటూరులో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. మాది ఏ దేవుడో, మా వాళ్ళు ఎట్లా ప్రార్థన చేస్తారో అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఒకరోజు మిషన్ తిరుగుతుండగా మా ఆయనతో అన్నాడు.

"మామా, నువ్వేమో కరెంటు పనోడివి. మీ దేవుడూ కరెంటోళ్ళ మాదిరే ఉండాడే. వస్తాండా వస్తాండా అంటాడు, రాడు."

మా ఆయన నవ్వాడు. ఆ జబ్బు మొదలైనాక ఆయన గట్టిగా నవ్వడం అదే చూశాను. నాకు మాత్రం కోపమొచ్చింది. దేవదూషణ విన్నందుకు క్షమించమని లోలోపల ప్రార్థన చేసుకున్నాను.

వానాకాలం మొదట్లో ఆ మంచం మీద ఎవరో ముసలామె ఉంది. మా ఆయన చూసి, పులివెందులాయన ఏడని నర్సును అడిగాడు. ఆ అమ్మాయి ఆయనకు చెప్పకుండా నన్ను పక్కకు పిలిచి చెప్పింది. చెప్పకపోయినా ఆయనకు తెలిసిపోయింది.

తిరుగు బస్సు ఎక్కాం. ఆయన కిటికీ వైపే చూస్తూ, "నాకు భయమైతాంది మే," అన్నాడు.

"అట్లనగాకు," అన్నాను. ముందు సీట్లో వాళ్ళు విన్నారేమోనని చూశాను.

ఆయన మళ్ళీ అనలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన లేచి నిలబడ్డాడు. బాగయ్యానని చెప్తాడనుకుని జనం ముందే స్తోత్రం అన్నారు. ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి, తాను బాగుపడలేదని చెప్పాడు. "బాగు చెయ్యమని ఇంక అడగొద్దండి. నాకు శానా భయంగా ఉంది. భయం పోవాలని అడగండి," అన్నాడు.

పాస్టరుగారు పాట అందుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టి పాడారు. ఆ పాట అయ్యేదాకా మా ఆయన నిలబడే ఉన్నాడు. ఎవరూ ఆయన దగ్గరికి రాలేదు, పక్కనే ఉన్న నేను కూడా లేవలేదు. బయట చెప్పులేసుకుంటుంటే సంఘపెద్ద ఒకాయన నాతో మెల్లిగా, "తెరిచిన తలుపును నోటితో మూసుకున్నాడు కదమ్మా," అన్నాడు. ఆ వారం మా ఇంట్లో జరగాల్సిన ప్రార్థన కూడిక వేరే ఇంటికి మారింది.

అప్పుడు నాకు నిజంగా చీకటైంది. మోకాళ్ళ మీద ఉంటే మాట వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన వాక్యాలన్నీ ఎవరో వేరేవాళ్ళ ఇంటి సామాను మాదిరి కనబడేవి. దేవుడు ఉన్నాడన్న నమ్మకం పోలేదు. మా ఇంటికి మాత్రం రాడనిపించింది.

మరుసటి ఆదివారం పిల్లలకు తొంభై ఒకటో కీర్తన కంఠతా చెప్పించాలి. "మహోన్నతుని చాటున నివసించువాడే" అన్న మొదటి వాక్యం దగ్గరే ఒక పిల్ల చెయ్యెత్తింది. "చాటు అంటే ఏంది టీచర్? దాక్కునేదా?"

ఏ అపాయమూ రాని చోటు అని చెప్పబోయాను. ఏటా అదే చెప్తాను. ఈసారి మా అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు చక్రాయపేట దగ్గర మాకు చిన్న చేను ఉండేది. ఒకసారి అమ్మా నేనూ శనక్కాయ చేనులో కలుపు తీస్తుండగా వడగళ్ళ వాన పట్టుకుంది. దగ్గర్లో కొట్టం లేదు, చెట్టు లేదు. అమ్మ నన్ను గొంతుక్కూచోబెట్టి, గాలికి వీపు పెట్టి నా మీద వంగింది. రాళ్ళు ఆమె వీపు మీద పడుతున్న చప్పుడు నాకు వినబడుతోంది. నా కాళ్ళ మీదా పడ్డాయి. నేను తడిసిపోయాను. ఉరిమినప్పుడల్లా ఏడ్చాను. వాన ఆగేదాకా నా భయం పోలేదు. కానీ ఆ రోజంతా నేను అమ్మ చాటునే ఉన్నాను.

"వానొస్తే మీ అమ్మ నీ మీద వంగుతుందే, అది," అని ఆ పిల్లకు చెప్పి పాఠం ముందుకు నడిపించాను.

ఇంటికి పోయేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, బస్సులో అన్న మాట మళ్ళీ అనమన్నాను. నన్ను పరీక్షగా చూశాడు.

"భయమైతాంది."

"నాకూ," అన్నాను.

ఇద్దరం ప్రార్థన చేశాం. ప్రభువా, సిలువకు ముందు రాత్రి తోటలో నీకూ భయమైంది, మెలకువగా ఉండమంటే నీవాళ్ళు నిద్రపోయారు, నువ్వు మాత్రం నిద్రపోవద్దు అని అడిగాను. స్వస్థత మాట ఎత్తలేదు. ఆయన ఆమేన్ అనడం మరిచిపోయి ఏడ్చాడు.

ఏ అద్భుతమూ జరగలేదు. దసరా సెలవుల్లో ఆయనకు ఆయాసం ఎక్కువై ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేర్చాం. మధ్యాహ్నం పూట, భోజనాల వేళ, వార్డు అంతా సాంబారు వాసన. ఆయన ఎడమచేతి మీద, ఆ నరం అదిరే చోట, నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. భయం పోయిందా అని అడిగాను.

"పోలా," అన్నాడు. కొంచెంసేపటికి, "చెయ్యి తియ్యాకు."

తియ్యలేదు. ఆ అదురు సన్నబడుతూ వచ్చి, ఆగింది. డాక్టరు కంటే ముందు నా వేళ్ళకు తెలిసింది.

సంఘమంతా వచ్చింది. పాటలు బాగా పాడారు, సమాధి దగ్గర పాస్టరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. దేవుడిచ్చిన ఆదరణ గురించి సాక్ష్యం చెప్పమని అడుగుతుంటారు. తర్వాత చెప్తానంటాను. నా దగ్గరున్న సాక్ష్యానికి స్తోత్రం అనే చోటు ఎక్కడా రాదు.

ఆయన మీద ఒక వీపు వంగి ఉండిందని, రాళ్ళు ముందు దాని మీదే పడ్డాయని నేను నమ్ముతున్నాను. నా కంటికైతే కనబడలేదు. పొద్దున్నే ఆయన మంచం పక్కనే మోకాళ్ళ మీద ఉండి, "నాకు భయమైతాంది" అని ఆయన మాటే చెప్పుకుంటాను. చెయ్యి మంచం పట్టె మీద అట్లాగే పెట్టి ఇంకాసేపు ఉంటాను.