నా పేరు కింద పెడన దుప్పట్లు

గ్యాలరీలో నా పేరు చిన్నగా వేశారని నేను అలిగినట్లు సాయంత్రానికే బందరంతా పాకిందట. నిజానికి పెద్దగా వేసినందుకే నాకు కోపం వచ్చింది.

రేపటి ప్రదర్శన కోసం పెడనలో ఇల్లిల్లూ తిరిగి, అద్దినవారి పేర్లు రాయిస్తానని మాట ఇచ్చి, ఎనిమిది కలంకారీ దుప్పట్లు తెచ్చాను. ఈ రోజు వాటిలో ఒకటి అద్దిన నాగమణిని వెంటబెట్టుకుని గ్యాలరీకి వెళ్తే, ప్రతి దుప్పటి కిందా నా పేరొక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది.

"చూసేవాళ్ళకు మీ పేరే కదండీ తెలిసేది, మేడమ్!" అన్నాడు గ్యాలరీ కార్యదర్శి. ఒకప్పటి నా విద్యార్థే.

నాగమణి నవ్వింది. "కాలవలో ఎన్నిసార్లు ఉతికినా మా రంగు పోదండీ. ఇక్కడ ఉతక్కుండానే మా పేర్లు పోయాయి."

నేను చదువు చెప్పినవాడే నన్ను అబద్ధాలకోరును చేశాడు. మీకూ ఇలాంటి శిష్యులుంటే చెప్పండి. నేను మాత్రం ఎవరినీ సంప్రదించకుండా దుప్పట్లన్నీ దింపించి, ఎవరివి వారికి అప్పగించి వచ్చాను. రేపు ప్రారంభోత్సవం ఖాళీ గోడకు చేసుకోవచ్చు.